రెండు మైకులతో డ్రమ్ కిట్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ డ్రమ్స్ మీదే ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, మంచిర్యాల వైపు చర్చి బ్యాండ్లు, కాలేజీ బ్యాండ్లు, జానపద బృందాలు సొంతంగా రికార్డ్ చేసుకుని యూట్యూబ్‌లో పెట్టుకుంటున్నారు, మంచిదే. పాటా గిటారూ కీబోర్డూ ఎట్లాగో వచ్చేస్తాయి, డ్రమ్ కిట్ దగ్గరికి వచ్చేసరికే అందరూ ఆగిపోతున్నారు. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి ఈసారి వీటికే చోటిస్తున్నాను. కొత్తవాళ్ళ కోసం ఒక మాట: కిక్ అంటే కాలి పెడల్‌తో కొట్టే పెద్ద డ్రమ్ము, స్నేర్ అంటే కింద తీగలుండే డ్రమ్ము, టామ్స్ మిగతా డ్రమ్ములు (నేల మీద నిలబడేది ఫ్లోర్ టామ్). సింబల్స్ అంటే లోహపు పళ్ళేలు, వాటిలో కాలితో మూసి తెరిచే జత హై-హ్యాట్, పెద్ద దెబ్బకి వాడేది క్రాష్. డైనమిక్ అంటే గట్టి రకం మైకు, కండెన్సర్ అంటే కరెంటు కావాల్సిన సున్నితమైన మైకు, సౌండ్ కార్డ్ అంటే మైకుల్ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె.

ప్రశ్న: అన్నా, మాది కాజీపేటలో చర్చి బ్యాండ్. ఐదు డ్రమ్ముల కిట్ ఉంది. రెండు ఇన్‌పుట్ల సౌండ్ కార్డ్, పాటకి వాడే డైనమిక్ మైకులు రెండు, ఒక కండెన్సర్ మైకు ఉన్నాయి. పోయిన క్రిస్మస్‌కి పాటలు రికార్డ్ చేస్తే సింబల్స్ తప్ప ఏమీ వినబడలేదు, కిక్ అసలు లేదు, స్నేర్ డబ్బా కొట్టినట్టుంది. కండెన్సర్‌ని కిట్ మీద, క్రాష్ పక్కన పెట్టాం. సంఘం పెద్దలు ఏడు మైకుల డ్రమ్ సెట్, దానికి తగ్గ పెద్ద కార్డ్ కొందాం అంటున్నారు. కొనమంటారా? (డ్రమ్మర్, కాజీపేట)

జవాబు: ఇప్పుడైతే వద్దు తమ్ముడూ. ఏడు మైకుల పెట్టె చూడడానికి బాగానే ఉంటుంది గానీ, ప్రతి మైకూ తన ముందున్న డ్రమ్మునే వింటుందనుకుంటే దెబ్బతింటారు. స్నేర్ మైకులో హై-హ్యాట్ వస్తుంది, టామ్ మైకులో క్రాష్ వస్తుంది, అన్నింట్లోనూ మీ గది కప్పు వస్తుంది. ఇప్పుడు ఒక ట్రాక్‌లో ఉన్న తప్పు అప్పుడు ఏడు ట్రాకుల్లో ఉంటుంది, దాన్ని సర్దడానికి మిక్సింగ్ బాగా తెలిసిన మనిషి కూడా కావాలి. మీకున్న రెండు ఇన్‌పుట్లకి రెండు మైకులు చాలు, పైన కండెన్సర్, కిక్ దగ్గర డైనమిక్. డ్రమ్స్ మోనోలో, అంటే ఎడమ కుడి తేడా లేకుండా వస్తాయి, రానివ్వండి. 1960ల మొదటి దాకా రికార్డుల్లో జనం విన్న డ్రమ్స్‌లో చాలా భాగం ఒకటి రెండు మైకులతో మోనోలో తీసినవే, వాటిని ఇప్పటికీ వింటూనే ఉన్నాం.

పెద్దలు డబ్బులు ఇస్తామంటున్నారు కాబట్టి ఆ అవకాశం వదలకండి, కాకపోతే ముందు తోళ్ళు కొనిపించండి. చర్చిల్లో, కాలేజీల్లో నేను చూసే కిట్లలో సగానికి కొన్న రోజు వచ్చిన తోళ్ళే ఉంటాయి, మధ్యలో పూత లేచిపోయి గుంటలు పడి, వాటిని ఎంత ఖరీదైన మైకుతో తీసినా గుంటల చప్పుడే వస్తుంది. స్నేర్ పైతోలు, కిక్‌కి పెడల్ తగిలే వైపు తోలు, ఈ రెండూ మార్చినా చాలు. బిగించేటప్పుడు ఒక స్క్రూ తర్వాత దాని పక్కది కాకుండా ఎదురుగా ఉన్నది తిప్పాలి, కొద్దికొద్దిగా. తర్వాత ప్రతి స్క్రూ దగ్గరా అంచుకి రెండు వేళ్ళ లోపల పుల్లతో మెల్లగా తట్టి వినండి, అన్నిచోట్లా ఒకే శ్రుతి పలికేదాకా వదలొద్దు. స్నేర్ కింద ఉండే తీగలు మరీ బిగించేవాళ్ళు చాలామంది ఉన్నారు, అలా చేస్తే డ్రమ్ము లోపలి నాదమంతా పోయి మీరన్న డబ్బా చప్పుడే మిగులుతుంది. కొంచెం వదులు చేసి చూడండి.

కిక్ ముందు తోలుకి రంధ్రం ఉంటే మైకుని అందులోంచి లోపలికి పోనిచ్చి పెడల్ తగిలే చోటు వైపు తిప్పండి. దగ్గరికి జరిపితే టక్ అనే దెబ్బ ఎక్కువ, వెనక్కి లాగితే ధుమ్ అనే గుమ్కీ ఎక్కువ, ఎక్కడ ఆపాలో మీ చెవి చెప్పాలి. రంధ్రం లేకపోతే తోలుకి బెత్తెడు దూరంలో, నడిమధ్యన కాకుండా కొంచెం పక్కకి పెట్టండి. లోపల ఒక దిండు పెట్టి అది కొట్టే తోలుకి అంచున మాత్రం ఆనేలా చూడండి, డ్రమ్ము నిండా బొంతలు కుక్కొద్దు. ఈ దిండు పద్ధతి కొత్తదేం కాదు, 1966లో బీటిల్స్ రికార్డింగుల్లో జెఫ్ ఎమెరిక్ అనే ఇంజనీరు కిక్‌లో ఉన్ని స్వెటర్ కుక్కి, మైకుని ఆ స్టూడియో రూల్ ఒప్పుకునే దూరం కంటే బాగా దగ్గరికి జరిపాడు, కిక్ చప్పుడు అక్కడే మారిపోయింది.

ఇక కండెన్సర్. క్రాష్ పక్కన పెట్టాం అని మీరే రాశారు, కాబట్టి సింబల్స్ ఎందుకు మింగేశాయో వెతకాల్సిన పని లేదు. దాన్ని తీసి డ్రమ్మర్ కుడి భుజం వెనక, తల కంటే కొంచెం ఎత్తులో, స్నేర్ వైపు చూసేలా పెట్టండి. స్నేర్ మధ్య నుంచి మైకు దాకా రెండు డ్రమ్ పుల్లల పొడవు ఉండాలి, అంటే ఇంచుమించు 80 సెంటీమీటర్లు. అక్కడ స్నేర్, టామ్స్, సింబల్స్ సమపాళ్ళలో వినబడతాయి, ఎందుకంటే డ్రమ్మర్ తన చెవులతో వింటూ చేతులు సర్దుకునేది కూడా ఆ చోటు నుంచే. మైకుని సింబల్ అంచుకి సమానమైన ఎత్తులో మాత్రం ఎప్పుడూ పెట్టకండి, సింబల్ ఊగినప్పుడల్లా ఉస్సుఉస్సుమని వస్తుంది. కండెన్సర్‌కి కేబుల్ గుండా కరెంటు పంపే 48 వోల్టుల ఫాంటమ్ బటన్ నొక్కాలి. చిన్న కార్డుల్లో అది రెండు ఇన్‌పుట్లకీ కలిపి ఒకటే ఉంటుంది, డైనమిక్ మైకు కాలిపోతుందేమో అని టెన్షన్ పడకండి, మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ బాగుంటే దానికేం కాదు.

ఇప్పుడు అసలు మాట. మీరు డ్రమ్మర్ కాబట్టి కొంచెం కోపం వచ్చినా వినండి. ఏడు మైకులుంటే హై-హ్యాట్ ఎక్కువ కొట్టినా తర్వాత కొంత తగ్గించుకోవచ్చు. కిట్ పైన ఒకే మైకుతో తీసేటప్పుడు మిక్సింగ్ చేసేది మీ చేతులే. హై-హ్యాట్ మీద పుల్ల భుజంతో బాదడం మానేసి కొనతో ఆడించాలి, క్రాష్‌ని పగలగొట్టేలా కాకుండా పక్కకి తుడిచినట్టు కొట్టాలి, స్నేర్‌ని మాత్రం ప్రతిసారీ ఒకే చోట ఒకే బలంతో కొట్టాలి. సండే సర్వీసులో పెద్ద హాలుకి సరిపడా కొట్టే అలవాటుంటుంది కదా, మైకుకి అది పనికిరాదు. ఒక పల్లవి వాయించి, హెడ్‌ఫోన్‌లో విని, ఏది ఎక్కువైందో చూసి, మళ్ళీ వాయించి, ఇలా ఒక పూట గడిపితే ఏడు మైకులు కొన్నదానికంటే ఎక్కువ తేడా కనబడుతుంది.

గెయిన్, అంటే కార్డ్ మీద మైకు శబ్దాన్ని పెంచే మీట, ఎంత పెట్టాలంటే, గట్టిగా కొట్టిన దెబ్బ మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఆగాలి, సున్నా దాటితే శబ్దం పగిలిపోతుంది. రిహార్సల్‌లో కొట్టినదానికంటే రికార్డ్ బటన్ నొక్కాక ఎవరైనా గట్టిగానే కొడతారు, అందుకే ఆ జాగా వదిలిపెట్టాలి. 24 బిట్‌లో తీస్తే తర్వాత పెంచుకున్నా నష్టం లేదు.

కాజీపేట కాబట్టి రైళ్ళ గురించి కూడా చెప్పాలి. జంక్షన్ పక్కన ఉండి హారన్ లేని గంట కోసం చూస్తే రికార్డింగ్ అవ్వదు. జోరుగా ఉండే పాటల్లో డ్రమ్స్ చప్పుడు కింద దూరపు హారన్ కలిసిపోతుంది, నెమ్మది పాటలు, బ్రష్‌లతో వాయించేవి మాత్రం రెండు రైళ్ళ మధ్య తీసుకోండి. ఫ్యాన్ ఆపండి, ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి, సగం గుయ్యిమనే చప్పుళ్ళు అక్కడే పోతాయి.

ప్రశ్న: నేను హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. నాలుగు ఇన్‌పుట్ల కార్డ్, రెండు కండెన్సర్లు, ఒక కిక్ మైకు, ఒక ఎస్ఎమ్57 (షూర్ కంపెనీ డైనమిక్ మైకు) ఉన్నాయి. గ్లిన్ జాన్స్ పద్ధతి గురించి చదివి ప్రయత్నించాను. ఒక మైకు స్నేర్‌కి పైన, రెండున్నర అడుగుల ఎత్తులో, ఇంకోటి ఫ్లోర్ టామ్ అవతల, స్నేర్ నుంచి ఐదున్నర అడుగుల దూరంలో పెట్టాను. దేనికది వింటే బాగుంది, రెండూ కలిపితే స్నేర్ పల్చగా అయిపోతోంది. మైకులు నాసిరకమా? (విద్యార్థి, హనుమకొండ)

జవాబు: మైకుల తప్పేం లేదు, దూరాలు మీరే రాశారు కాబట్టి లెక్క వేసి చూద్దాం. ఒకటి రెండున్నర అడుగులు, ఇంకోటి ఐదున్నర, తేడా మూడడుగులు, అంటే 91 సెంటీమీటర్లు. 20 డిగ్రీల దగ్గర గాలిలో శబ్దం సెకనుకి 343 మీటర్లు పోతుంది, అంటే ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు. (మన మే నెల 40 డిగ్రీల్లో 355 మీటర్లు పోతుంది, ఈ పనికి అది పట్టించుకోవాల్సినంత తేడా కాదు.) కాబట్టి మీ స్నేర్ దెబ్బ మొదటి మైకుకి అందిన 2.7 మిల్లీసెకన్ల తర్వాత రెండోదానికి అందుతోంది. ఏ శబ్దానికైతే ఆ 2.7 మిల్లీసెకన్లు సరిగ్గా అర అలకి సమానమో ఆ శబ్దం ఒక మైకులో పైకి పోతున్నప్పుడు ఇంకో మైకులో కిందికి దిగుతుంది, రెండూ కలిపితే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మీ విషయంలో అది 190 హెర్ట్జ్ దగ్గర పడుతోంది. స్నేర్‌కి బరువు, నిండుదనం ఇచ్చేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే, 150 నుంచి 250 మధ్య. దూరపు మైకులో శబ్దం కొంచెం తక్కువ కాబట్టి పూర్తిగా మాయం కాదు, పల్చబడుతుంది. మీరు విన్నది అదే. ఆ మీద 560 దగ్గర, 930 దగ్గర కూడా ఇలాంటి గుంటలే పడుతుంటాయి.

గ్లిన్ జాన్స్ ఇంగ్లండ్ ఇంజనీరు, 1968లో లెడ్ జెప్లిన్ అనే రాక్ బ్యాండ్ మొదటి రికార్డు తీసినవాడు, ఆ బ్యాండ్ డ్రమ్మర్ జాన్ బోనమ్ డ్రమ్స్ అంత పెద్దగా వినబడడానికి ఈయన పద్ధతి పేరే చెబుతారు. ఆ పద్ధతి మొత్తానికి ఆయువుపట్టు ఒకటే, రెండు మైకులూ స్నేర్ మధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి. ఒకటి స్నేర్‌కి పైన మీటరు లేదా ఇంకొంచెం ఎత్తులో. రెండోది ఫ్లోర్ టామ్ పక్కన, దాని అంచు కంటే కొద్దిగా పైన, టామ్ మీదుగా హై-హ్యాట్ వైపు చూస్తూ. మీరు ఈ రెండోదాన్ని కంటికి బాగున్న చోట పెట్టారు, దూరం కొలవలేదు.

టేపు కూడా అక్కర్లేదు, ఒక దారం చాలు. స్నేర్ మధ్యలో ఒకరు వేలితో దారం కొన నొక్కిపట్టుకోవాలి, పైమైకు ముక్కు దాకా లాగి అక్కడ ముడి వేయాలి, అదే ముడి రెండో మైకు ముక్కుకి తగిలేలా స్టాండ్ జరపాలి. అయిపోయింది. దెబ్బ రెండింటికీ ఒకేసారి అందుతుంది, స్నేర్ నడిమధ్యన గట్టిగా నిలబడుతుంది. మిక్స్‌లో పైమైకుని ఒకవైపు సగం దాకా, ఫ్లోర్ టామ్ మైకుని రెండోవైపు పూర్తిగా తిప్పితే కిట్ వెడల్పుగా పరుచుకుంటుంది.

హాస్టల్ గది కప్పు తక్కువ ఎత్తులో ఉంటే ఈ పద్ధతి అంత బాగుండదు. మైకు కప్పుకి దగ్గరైన కొద్దీ కప్పుకి తగిలి తిరిగొచ్చే శబ్దం అసలు శబ్దం వెనకే బలంగా వచ్చి కలుస్తుంది, మళ్ళీ అదే గుంటల గొడవ. అప్పుడు రికార్డర్‌మ్యాన్ అని పిలిచే పద్ధతి చూడండి, దాంట్లో మైకులు ఇంకా కిందకి ఉంటాయి. మొదటిది స్నేర్‌కి సరిగ్గా పైన రెండు పుల్లల ఎత్తులో, రెండోది డ్రమ్మర్ కుడి భుజం మీదుగా స్నేర్ వైపు చూస్తూ, అదీ రెండు పుల్లల దూరంలో. ఇక్కడ స్నేర్‌తో పాటు కిక్ నుంచి కూడా రెండు మైకులకీ ఒకే దూరం రావాలి. దారం ఒక కొన స్నేర్ మధ్యలో, ఇంకో కొన కిక్‌కి పెడల్ తగిలే చోట పట్టించి, మధ్య దారాన్ని మొదటి మైకు దాకా లాగి, ఎక్కడ మైకు ముక్కు తగిలిందో అక్కడ వేళ్ళతో గట్టిగా పట్టుకోండి. కొనలు వదలకుండా అదే పట్టు భుజం వైపు తీసుకొస్తే దారం రెండువైపులా బిగుసుకునే చోటే రెండో మైకు చోటు. ఇద్దరు మనుషులు కావాలి, హాస్టల్లో దొరకడం కష్టం కాదు.

కిక్ మైకు కలిపాక ఇంకో పని ఉంది. ఆ ట్రాక్‌కి పోలారిటీ తిప్పే, అంటే అలని తలకిందులు చేసే బటన్ ఉంటుంది, సున్నా మీద అడ్డగీత గుర్తు. అది నొక్కి వినండి, తీసి వినండి, ఏదైతే కింద నాదం నిండుగా ఉందో అదే ఉంచండి. ఇందులో థియరీ ఏం లేదు, చెవి చెప్పిందే. ఎస్ఎమ్57ని స్నేర్ దగ్గర అంచు మీదుగా రెండు వేళ్ళ ఎత్తులో, వీపు హై-హ్యాట్ వైపు ఉండేలా పెట్టుకోండి. దాని వెనక వైపు వినికిడి తక్కువ, ఆ సౌకర్యం వాడుకోండి. అయితే మొదటి మూడింటితోనే స్నేర్ సరిపోతే దాన్ని కలపకపోయినా ఏం కాదు, ఛానెల్ ఖాళీగా ఉందని నింపొద్దు.

ప్రశ్న: ఫోన్‌తో డ్రమ్స్ రికార్డ్ చేయొచ్చా? (పాఠకుడు, జగిత్యాల)

జవాబు: చేయొచ్చు, ఐడియా గుర్తుపెట్టుకోవడానికి. ఫోన్ తనంతట తనే శబ్దం పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది, స్నేర్ దెబ్బ పడగానే మొత్తం ఒక్కసారి అణిగి మళ్ళీ సింబల్ మోత పైకి లేస్తుంది, అదే అందరికీ చిరాకు. గెయిన్ చేత్తో పెట్టుకునే రికార్డింగ్ యాప్ ఉంటే అది వాడండి, లేకపోతే కిట్‌కి నాలుగైదు అడుగుల దూరంలో, ఛాతీ ఎత్తులో పెట్టండి. అసలు మైకు ఒకటి ఉండి ఫోన్‌ని గది మోత కోసం రెండోదిగా వాడుకుంటే ఇంకా ఉపయోగం, మొదట్లో ఒక చప్పట్లు కొట్టి ఆ గుర్తు దగ్గర రెండు ట్రాకులూ కలపండి. రెండు పరికరాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు కాబట్టి పాట చివరికి కొంచెం జరిగిపోతుంది, మధ్యలో కోసి మళ్ళీ సర్దుకోవాలి.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర జానపద బృందం. మూడు డప్పులు, ఒక ఒగ్గు డోలు, వాటికి తోడు ఈమధ్య డ్రమ్ కిట్ పెట్టుకున్నాం. స్టేజీ మీద బాగానే ఉంది గానీ రికార్డింగ్‌లో డప్పు ఎక్కడుందో కిట్ ఎక్కడుందో తెలియడం లేదు. మూడు మైకులే ఉన్నాయి, గది ఒకటే. ఎట్లా తీయాలి? (బృందం నాయకుడు, కరీంనగర్ జిల్లా)

జవాబు: అన్నా, ముందు కిట్‌ని పక్కన పెట్టండి. మీ పాటకి ప్రాణం డప్పు, దాన్నే ముందు తీయండి, కిట్ తర్వాత ఆ రికార్డింగ్‌ని హెడ్‌ఫోన్‌లో వింటూ విడిగా వాయించుకోవచ్చు. అందరూ ఒకే గదిలో ఒకేసారి అంటే డప్పు దెబ్బా స్నేర్ దెబ్బా రెండూ ఒకే జాగాలో కొట్టుకుంటాయి, తర్వాత వాటిని ఎవరూ విడదీయలేరు. కిట్ విడిగా తీసేటప్పుడు కూడా డప్పు మోగుతున్న చోట స్నేర్ తగ్గించి కిక్, ఫ్లోర్ టామ్ మీద ఆడమనండి. అక్కడ సమస్య మైకుది కాదు, వాయింపుది.

డప్పులు మూడింటికీ మూడు మైకులు పంచొద్దు. ముగ్గురినీ అర్ధచంద్రంలా నిలబెట్టి ఎదురుగా ఒక్క మైకు పెట్టండి, మీటరున్నర దూరంలో, నడుము ఎత్తు కంటే కొంచెం పైన. గట్టిగా కొట్టేవాడు ఒకడుగు వెనక్కి, మెత్తగా కొట్టేవాడు ఒకడుగు ముందుకి. 1925లో కరెంటు మైకులు రాకముందు పెద్ద గరాటు ముందు నిలబడి వాయించే రోజుల్లో కూడా మనుషుల్ని ఇలాగే ముందుకీ వెనక్కీ జరిపేవాళ్ళు, వేరే దారి లేదు కాబట్టి, అది ఇప్పటికీ పని చేస్తుంది. రెండో మైకుని డప్పుల వెనక వైపు పెట్టి చూడండి. ముందు వైపు సిర్ర (లావు పుల్ల) దెబ్బా, చిటికెన పుల్ల (సన్న పుల్ల) చిటపటలూ పదునుగా వస్తాయి, చర్మం లోపలి వైపు గుండ్రటి నాదం వస్తుంది. రెండూ కొద్దిగా కలిపితే స్టేజీ మీద విన్న డప్పుకి దగ్గరగా ఉంటుంది. వెనక మైకు ట్రాక్‌కి పోలారిటీ బటన్ తప్పకుండా తిప్పి చూడండి, చర్మం ముందుకి ఊగినప్పుడు వెనక మైకుకి అది దూరం జరిగినట్టే కదా, ఎక్కువసార్లు తిప్పాకే నాదం నిండుతుంది. మూడోది ఒగ్గు డోలుకి. దాని రెండు ముఖాలూ వినబడాలి కాబట్టి ఒక ముఖానికి అంటించకుండా ముందు వైపు నుంచి, రెండడుగుల దూరంలో.

డప్పు కాక గురించి మీకు నేను చెప్పేదేముంది, మీరే నాకు చెప్పాలి. అయినా రికార్డింగ్‌లో ఒకటి జరుగుతుంది. నెగడు దగ్గర కాచి లోపలికి తెచ్చి వాయిస్తారు, మైకు సర్దేలోపు కాక దిగిపోతుంది, మొదటి చరణంలో ఉన్న శ్రుతి మూడో చరణంలో ఉండదు, వానాకాలం తేమలో అయితే ఇంకా తొందరగా. డ్రమ్ కిట్‌కి ఈ బాధ తక్కువ, దాని తోళ్ళు 1950ల చివరి నుంచి ప్లాస్టిక్‌వి అయిపోయాయి, అంతకుముందు అవీ జంతువు చర్మాలే. కాబట్టి మైకులు, గెయిన్ అన్నీ కాయని డప్పుతోనే సర్దేసి, అంతా సిద్ధమయ్యాక కాచండి, ఒక చరణం తీసి మళ్ళీ కాచండి. నెగడు బయటే ఉండాలి, గదిలో జంపఖానాలు బొంతలు వేలాడదీసి పక్కనే మంట పెట్టే పని ఎవరూ చేయొద్దు.

ప్రశ్న: పాత వూఫర్‌ని మైకులా వాడొచ్చని ఎవరో చెప్పారు. మా సౌండ్ సిస్టమ్ షాపులో కాలిపోని వూఫర్లు చాలా పడి ఉన్నాయి. నిజమేనా? (సౌండ్ సిస్టమ్ ఓనరు, మంచిర్యాల)

జవాబు: నిజమే. స్పీకరూ డైనమిక్ మైకూ లోపల ఒకటే పనితనం, అయస్కాంతం మధ్యలో తీగచుట్ట. కరెంటు ఇస్తే చుట్ట కదిలి శబ్దం వస్తుంది, శబ్దంతో చుట్ట కదిలితే కరెంటు వస్తుంది. యమహా ఎన్ఎస్10 అనే స్టూడియో స్పీకర్ తెల్ల వూఫర్‌ని కిక్ ముందు పెట్టే అలవాటు ఇంజనీర్లలో బాగా పాకింది, తర్వాత యమహా కంపెనీ దాన్నే ఒక డ్రమ్ము చట్రంలో బిగించి అమ్మింది కూడా.

మీరు ఆరున్నర అంగుళాలదో ఎనిమిది అంగుళాలదో తీసుకుని దాని రెండు టెర్మినల్స్‌ని ఎక్స్‌ఎల్‌ఆర్ 2, 3 పిన్నులకి కలపండి, 1 గ్రౌండు. కిక్ ముందు తోలుకి బెత్తెడు దూరంలో నిలబెట్టండి. ఫాంటమ్ ఆపేసే కలపండి, కేబుల్‌లో ఏదైనా షార్ట్ ఉంటే చుట్టలోకి కరెంటు పోతుంది. సిగ్నల్ చాలా బలంగా వస్తుంది, కార్డ్‌లో సిగ్నల్ తగ్గించే ప్యాడ్ బటన్ ఉంటే నొక్కండి. ఇది పట్టేది కింద గుమ్కీ ఒక్కటే, పెడల్ దెబ్బ దీంట్లో వినబడదు, అందుకే ఇంకో కిక్ మైకు పక్కన తోడుగా మాత్రమే వాడండి. ఉన్న మూడు నాలుగు ఛానెళ్ళలో ఒకటి దీనికి ఇవ్వడం నాకైతే ఇష్టం లేదు, ఎనిమిది ఛానెళ్ళున్నవాళ్ళ సరదా ఇది.

ప్రశ్న: సార్, మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, డ్రమ్స్ కొనిచ్చాం. ఇంట్లో రికార్డ్ చేస్తానంటూ రాత్రిళ్ళు కొడుతున్నాడు, పక్కింటివాళ్ళు గొడవ. గోడలకి కోడిగుడ్ల ట్రేలు అంటిస్తే చప్పుడు బయటికి పోదంటున్నాడు. నిజమా? (గృహిణి, హనుమకొండ)

జవాబు: లేదమ్మా, ట్రేలు అంటించొద్దని చెప్పండి. అట్ట ట్రే సన్నటి చప్పుళ్ళని గదిలో కొంచెం పీల్చుకుంటుందేమో గానీ బయటికి పోయే శబ్దాన్ని ఆపదు. శబ్దాన్ని ఆపేది బరువు, అంటే మందపాటి గోడ, సందు లేని తలుపు. కిటికీ తలుపు కింద వేలెడు సందు ఉంటే గోడలన్నీ ఎంత గట్టివైనా లాభం లేదు. పైగా ఆ అట్టకి నిప్పంటుకుంటే ఆపడం కష్టం.

రాత్రి మాత్రం మాన్పించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఇలాంటి మోతకి అనుమతి లేదు, ఇళ్ళ మధ్య పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్, డ్రమ్ కిట్ దగ్గర నిలబడితే 100 దాటుతుంది. పక్కింటివాళ్ళ కోపంలో న్యాయం ఉంది. రోజూ సాధనకి రబ్బరు ప్యాడో, వల లాంటి మెష్ తోళ్ళో వేయించండి, అవి చాలా నెమ్మదిగా మోగుతాయి. కిట్ కింద మందంగా పరుపు లాంటిది వేస్తే నేల మీదుగా కింది ఇంటికి పోయే కిక్ అదురు కొంత తగ్గుతుంది.

గది లోపల మోత తగ్గించడం వేరే పని, దానికి మాత్రం వరంగల్లో ఉన్నవాళ్ళకి మంచి సరుకు దగ్గర్లోనే ఉంది. కొత్తవాడ జంపఖానాలు. 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది వాటికి. మందపాటి నూలు జంపఖానా ఒకటి కిట్ కింద, ఒకటి డ్రమ్మర్ వెనక గోడకి, గోడకి అంటించకుండా నాలుగు వేళ్ళ ఎడం వదిలి వేలాడదీయాలి, ఆ ఎడం వల్లే అది ఎక్కువ పీల్చుకుంటుంది. పాత పత్తి పరుపు మూలలో నిలబెడితే ఇంకా మంచిది. కప్పు కింద, కిట్‌కి సరిగ్గా పైన ఒక బొంత కట్టగలిగితే పైమైకుకి దానంత మేలు చేసేది ఇంకోటి లేదు.

నిజంగా రికార్డింగే చేయాలంటే ఆషాఢంలో, మూఢాల్లో ఫంక్షన్ హాళ్ళు ఖాళీగా ఉంటాయి, తెలిసినవాళ్ళుంటే ఒక పగలు అడిగి చూడండి. అంత పెద్ద హాల్లో మోత ఎక్కువ కాబట్టి పైమైకుని కిట్‌కి దగ్గరగానే ఉంచి, ఇంకో మైకుని పది పన్నెండు అడుగుల దూరంలో పెట్టి వేరే ట్రాక్‌లో తీసుకోమనండి, ఎంత హాలు కావాలో తర్వాత కలుపుకోవచ్చు. రేకుల హాలైతే మాత్రం ఆషాఢం వద్దు, వాన పడితే ఆ పూట పని పోయినట్టే.

ప్రశ్న: ఒక్క మైకే కొనగలను. డ్రమ్స్, గిటార్ ఆంప్, డప్పు, పాట అన్నింటికీ పనికొచ్చేది చెప్పండి. (పాఠకుడు, గోదావరిఖని)

జవాబు: షూర్ ఎస్ఎమ్57. 1965 నుంచి వస్తోంది, స్నేర్ మీద పుల్ల తగిలినా దానికేం కాదు, సౌండ్ కార్డ్ తప్ప ఇంకేం అడగదు. అయితే దీనికి నకిలీలు మస్తుగా తిరుగుతున్నాయి, మరీ చౌకగా ఇస్తున్నారంటే అనుమానించండి, బిల్లు ఇచ్చే అసలు డీలరు దగ్గరే తీసుకోండి. దానికంటే కొంచెం తక్కువలో కావాలంటే పాటకి వాడే డైనమిక్ మైకు మీ దగ్గర ఉంటే దాంతోనే మొదలుపెట్టి, ఆ డబ్బులతో బరువైన అడుగున్న బూమ్ స్టాండ్ కొనుక్కోండి. సన్న కాళ్ళ స్టాండ్ మీద మైకుని భుజం వెనక నుంచి వేలాడదీస్తే రెండో పాటకల్లా అది వంగి స్నేర్ మీదే పడుతుంది.